నలభై ఒకటో కిలోమీటరు

ఇల్వాంగా ఆసుపత్రి,
మంగళవారం మధ్యాహ్నం

ప్రియమైన మదుహూ,

ఫోన్లు పోయాయి కాబట్టి పెళ్లైన ఏడేళ్లకు నీకు మొదటి ఉత్తరం రాస్తున్నాను. అక్షరాలు చూసి నవ్వకు.

పొద్దున పది గంటలకు మీరు పాతిన తీగ లైను తెగింది. ఊళ్లో ఫోన్లూ, ఆసుపత్రిలో తెరా అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. అప్పుడు నా ముందు మంచం మీద ఉన్నది ఎవరనుకున్నావు? నీ చెల్లెలు మింజా. ఎనిమిదో నెల. ముఖం వాచిపోయింది, రక్తపోటు బాగా పెరిగిపోయింది. టబోరా నుంచి డాక్టరమ్మ ఉపెందో తెర మీద చూస్తూ, "ఫిట్స్ రాకుండా వెంటనే ఇంజక్షన్ ఇవ్వాలి కబులా, ఎంతంటే..." అంటూండగా తెరిచిన నోరు తెరిచినట్టే ఆ ముఖం నిలిచిపోయింది.

ఆ మందు తక్కువైతే పనిచేయదు, ఎక్కువైతే ఊపిరి ఆగుతుంది. నర్సునే గానీ నేనెన్నడూ ఇవ్వలేదు. దారంతా బురద. మోటారు సైకిలు తప్ప ఏదీ కదలడం లేదు. ఆ పిల్లను దాని మీద టబోరాకు తొంభై కిలోమీటర్లు ఎలా పంపను? మీ అమ్మ గుమ్మంలో కూర్చుని, "ఆ తీగ వేసింది నా కొడుకే గదా, వాడికి కబురు పెట్టు, చిటికెలో అతికేస్తాడు" అంటోంది.

మోటారు సైకిలు నడిపే సెలెమాని అటే వస్తున్నాడు, అతని చేతికిస్తున్నాను. భయంగా ఉంది మదుహూ.

నీ
కబులా

*

గుడారం దగ్గర,
బుధవారం పొద్దున

నా బంగారు కబులా,

నీ ఉత్తరం చదివి, తింటున్న మొక్కజొన్న ఉగాలి ముద్ద పక్కన పెట్టి మళ్లీ పార పట్టుకున్నాను.

మా మీటరు గాజు తీగలోకి వెలుతురు పంపి, అది ఎక్కడ తగిలి వెనక్కొచ్చిందో చూసి దూరం చెబుతుంది. నలభై ఒకటో కిలోమీటరు అంది. నిన్నటి నుంచి అక్కడే తవ్వుతున్నాం. తీగ చెక్కు చెదరలేదు! అటు యాభై అడుగులు, ఇటు యాభై అడుగులు తవ్వినా అంతే. మా మేస్త్రీ కిత్వానా పెద్దాయన అందరి ముందూ కడిగేశాడు. "కళ్లు పోయింది నీ మీటరుకా, నీకా?" అన్నాడు.

నీ పుస్తకాల్లో ఆ మందు కొలత ఉంటుందేమో వెతుకు. అన్న తవ్వుతున్నాడని మింజాతో చెప్పు. నాకొక అనుమానం మనసులో తొలుస్తోంది. ఇప్పుడు రాయలేను.

నీ
మదుహు

*

ఇల్వాంగా,
బుధవారం సాయంత్రం

మదుహూ,

పుస్తకాలు వెతికాను, లేదు.

మింజాకు తల పగిలిపోతోందట. ఒక దీపం రెండుగా కనిపిస్తోందట. మీ అమ్మ నాటువైద్యుణ్ని పిలుచుకొచ్చింది. నేను వద్దనలేకపోయాను. వద్దని ఇంకేం చేస్తానని చెప్పను?

అనుమానం, రాయలేను అంటావేమిటయ్యా? ఇది దాచుకునే సమయమా? ఏదైనా తప్పు చేసి ఉంటే కక్కెయ్. ఇక్కడ నేను ఒక్కదాన్నే నిమిషాలు లెక్కపెట్టుకుంటున్నాను.

కబులా

*

వాగు ఒడ్డున,
గురువారం, పదకొండు గంటలు

కబులా, నా తల్లీ,

కక్కేశాను. నీ మాట చదివి నేరుగా పెద్దాయన దగ్గరికే వెళ్లాను.

తీగ పాతేటప్పుడు, రేపు అతుకులకు పనికొస్తుందని గుంటల్లో కొంత చుట్టచుట్టి వదులుతాం. ఎంత వదిలామో రిజిస్టర్లో రాయాలి. ముప్పై ఆరో కిలోమీటరు గుంటలో నేను ఆరు వందల మీటర్లు వదిలి, రాయకుండానే మూత వేసేశాను. మింజా పెళ్లికి పరిగెత్తే తొందరలో! మీటరు ఆ చుట్టలనూ కలిపి కొలుస్తుంది, రిజిస్టర్లో లేదు కాబట్టి మేం ఆ పొడవు తీసివేయలేదు. అంటే తీగ తెగింది మేం తవ్విన చోట కాదు, అంతకు ఆరు వందల మీటర్లు ముందే. ఉద్యోగం పోతుందని ఒక రోజంతా నోరు మూసుకున్నాను.

పెద్దాయన తిట్టలేదు. "అతికెయ్. ఆ తర్వాత సామాను సర్దుకో" అన్నాడు, అంతే.

దొరికింది కబులా. వాగు ఒడ్డు జారి తీగను లాగేసింది, పైకి ఏమీ కనిపించదు. లోపల వెంట్రుకల్లాంటి గాజు పోగులు ఇరవై నాలుగు. ముందు బ్యాంకుది, తర్వాత ఫోన్ టవరుది, ఆసుపత్రిది ఆఖరున అతకాలని మాకు రూలు. నేను ఆసుపత్రిదే ముందు పట్టుకున్నాను. పెద్దాయన చూసి, చూడనట్టు అటు తిరిగాడు.

ఈ ఉత్తరం ముందొస్తుందో లైను ముందొస్తుందో తెలియదు. తెర ముందు నుంచి కదలకు. నేను దాచిన ఆ ఒక్క రోజు వల్ల మింజాకేమైనా అయితే నేను బతకలేను.

నీ మదుహు

*

ఇల్వాంగా,
శనివారం

నా మదుహూ,

ఇప్పుడు ఫోన్ బాగా పలుకుతోంది. నిన్న అందులో నీ ఏడుపంతా విన్నాను. "నేనే చంపాను ఆ బిడ్డను" అని ఎన్నిసార్లన్నావో. నిజం నోటితో చెప్పలేకనే మళ్లీ కాగితం పట్టుకున్నాను.

మింజాకు ఫిట్స్ వచ్చింది గురువారం పన్నెండున్నరకు. నేను ఇంజక్షన్ ఇచ్చింది పన్నెండు నలభైకి. నీ లైను వెలిగింది మూడింటికి. మరి ఎంత ఇవ్వాలో నాకెవరు చెప్పారు? ఎవరూ అడగలేదు. నువ్వూ అడగలేదు.

డాక్టరమ్మ మంగళవారమే చెప్పేసింది. ఎంత, ఎక్కడ, ఎలా, అంతా చెప్పి, నా చేత మళ్లీ అప్పజెప్పించుకుంది కూడా. ఆ తర్వాతే తెర ఆగింది. మందు సిరంజిలోకి ఎక్కించాను. మింజా నా చేయి పట్టుకుని, "వదినా, బాగా నొప్పెడుతుందా?" అంది. ఈ పిల్ల ఊపిరి నా చేతిలో ఆగిపోతే, చూసి చెప్పడానికి తెర మీద కూడా ఎవరూ లేరే అనిపించింది. సిరంజి పక్కన పెట్టేశాను. డాక్టరమ్మ మాట సగంలో ఆగిందని నీకు రాశాను. మీ అమ్మకూ అదే చెప్పాను. రెండు రోజులు అదే నిజమని నేనూ నమ్మాలని చూశాను.

మింజా బతికింది, నిన్న గంజి తాగింది. బిడ్డ పుట్టాక ఎంత తుడిచినా, ఎంత ఊదినా ఏడవలేదు. ఆడపిల్ల. మంగళవారమే ఎందుకివ్వలేదని డాక్టరమ్మ తెర మీద అడిగితే, మీ అమ్మ ఎదుటే "లైను లేదండీ" అన్నాను. మీ అమ్మ బయటికి వెళ్లి, నీ తీగ దారికి గుర్తుగా పాతిన రాయి మీద ఉమ్మింది. నేను కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను.

నువ్వు దాచింది ఒక్క రోజు, అదీ ఒప్పుకున్నావు. ఉద్యోగమూ పోగొట్టుకున్నావు. నేను ఇంకా అందరి దృష్టిలో మంచిదాన్నే ఇక్కడ.

సెలెమానికి ఇది ఇచ్చి అత్తయ్య దగ్గరికి వెళ్తాను. ఆవిడ పొయ్యి దగ్గర ఉంది. నన్ను చూడగానే, "తిన్నావా తల్లీ, మా పిల్ల కోసం కంటి మీద కునుకు లేదు నీకు" అంటుంది. అప్పుడే చెప్పాలి. ఆ తర్వాత ఆవిడ నన్నేం చేస్తుందో తెలియదు, నువ్వేం చేస్తావో అంతకన్నా తెలియదు.

నువ్వొచ్చేదాకా ఆగను, ఆగితే మళ్లీ చెప్పలేను. కానీ వచ్చెయ్ మదుహూ.

కబులా