నాన్న చెప్పిన ధరలు

ఫిబ్రవరి 3
బ్యాంకు నుంచి కాగితం వచ్చింది. వాయిదాలు కట్టలేదని వాళ్లు లాక్కుపోయిన నాన్న ట్రక్కు మీద మిగిలిన బాకీ, తొమ్మిదివేల ఎనిమిది వందల డాలర్లు, పోయినేడు మాఫీ చేశారు. పన్ను లెక్కలో ఆ మాఫీ నాన్న సంపాదన కిందకే వస్తుందట. చేతికి చిల్లిగవ్వ రాలేదు, సంపాదన ఎక్కడిదే పిల్లా అని నాన్న నవ్వాడు. పొయ్యి రాజేయడానికి ఆ కాగితాన్ని మడిచాడు. లాక్కున్నాను. ఈ ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే.

ఫిబ్రవరి 5
భయం పన్ను గురించి కాదు. ఆ మొత్తం కలిస్తే కాగితం మీద మేం ఉన్నవాళ్లమైపోతాం. పేదలకు సర్కారిచ్చే వైద్య బీమా, మెడికెయిడ్, పోతుంది. అమ్మ ఆక్సిజన్ మెషిన్ దాని మీదే నడుస్తోంది. అమ్మకు చెప్పలేదు. ఆమె ఊపిరి వింటూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 9
లైబ్రరీలో ఉచితంగా పన్ను లెక్కలు చూసే స్టిడమ్ గారు ఒక దారి ఉందన్నారు. మాఫీకి ముందు నాన్న ఆస్తి కంటే అప్పులు ఎంత ఎక్కువుంటే, మాఫీలో అంత మేరకు సంపాదన కింద లెక్కకు రాదట. ఆస్తుల ధరలు మాత్రం నిజమైనవి రాయమన్నారు.

ఫిబ్రవరి 10, సాయంత్రం
నాన్న గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. మేముండే ట్రైలర్, చక్రాల మీది రేకుల ఇల్లు, పన్నెండు వేలన్నాడు. వెల్డింగ్ మెషిన్ నాలుగు వేలు. వేటకుక్క డచెస్ మూడు వేలు. ట్రైలర్ కప్పు కారుతోంది కదా అన్నాను.
"కారినా నాదే. మీ నాన్న అడుక్కుతినేవాడని రాసిస్తావా?"
కుక్కకు మూడు వేలిచ్చే మొనగాడు దొరికితే మొగుణ్ణి కొసరుగా ఇస్తానని లోపల్నుంచి అమ్మ దగ్గుతూ అంది. ఎవరూ నవ్వలేదు. ఆస్తి పందొమ్మిది వేలు. ట్రక్కు బాకీ, హాస్పిటల్ బాకీ కలిపి అప్పులు ఇరవై వేలు. తేడా వెయ్యే. మిగతా ఎనిమిది వేల ఎనిమిది వందలూ సంపాదన కిందే లెక్క.

ఫిబ్రవరి 12
నాన్న తిండి కూడా వెల్డింగ్ షెడ్డులోనే తింటున్నాడు.

ఫిబ్రవరి 14
షెడ్డులోకి వెళ్లి ఆక్సిజన్ సంగతి చెప్పేశాను. నాన్న చేతి తొడుగులు విప్పాడు. తర్వాత, రాసుకో అన్నాడు. ట్రైలర్ రెండు వేలు, అదీ లాక్కెళ్లే కూలి కొనేవాడే పెట్టుకుంటే. మెషిన్ మూడు వందలు. డచెస్‌కు పన్నెండేళ్లు, చెవుడు, సున్నా. గొంతు మారలేదు.
ఇంటర్నెట్‌లో పాత సామాను అమ్మకాల పేజీలన్నీ వెతికాను. ఒక్క ధరా తప్పు కాదు. ఆయనకు మొదటినుంచీ తెలుసు.

మార్చి 21
ఆ ధరలతోనే పన్ను లెక్క పంపాం; అమ్మ మెడికెయిడ్ ఉంటుందని కబురొచ్చింది. పరిగెత్తి నాన్నకు చెప్పాను.
"అయితే నాకేమీ లేదని సర్కారు కూడా ఒప్పుకుందన్నమాట."
నవ్వుతున్నాడనుకుని చూశాను. నవ్వట్లేదు.