ముప్పై ఎనిమిది ఫారాలు

జనవరి 27, మంగళ

స్టాఫ్ మీటింగు. పైనుంచి వచ్చిన సర్క్యులర్ చదివారు. డిగ్రీ పిల్లలకు పరిశోధన నేర్పాలట, ఆ పిల్లలు అధ్యాపకుల పరిశోధనలో సాయపడాలట. మా ఎకనామిక్స్ హెచ్.ఓ.డి. గారు చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టరు? నేర్పే పని నాది, సాయం పొందే పని ఆయనది.

"సుజాత గారూ, మీరు గెస్ట్ ఫ్యాకల్టీ కదండీ, మీకు టైముంటుంది."

టైమా! పొద్దున ఆరున్నరకు సూర్యాపేటలో బస్సెక్కి, సాయంత్రం చీకటి పడ్డాక అక్కడే దిగుతాను. మధ్యలో కోదాడలో ఐదు క్లాసులు. కానీ వచ్చే ఏడాదికి నన్ను ఉంచాలా పంపాలా అన్నది ఆయన సంతకం మీద ఉంది. కాబట్టి నాకు చాలా టైముంది.

జనవరి 29

ముగ్గుర్ని అంటగట్టారు. ముగ్గురూ ఫైనలియర్ బి.ఏ. చిలుకూరు నవీన్ — మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు. శిరీష — ఫోన్‌లోంచి తల ఎత్తదు. రూత్ — మిర్యాలగూడ పిల్ల, ఇక్కడ హాస్టల్లో ఉంటుంది. ఏం అడిగినా గోడకు జవాబు చెబుతుంది.

టాపిక్ మాత్రం గోడకు చెప్పిన పిల్లే చెప్పింది. రైసు మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ల ఆరోగ్యం. "మా అమ్మ మిల్లులనే ఊడుస్తది మేడం. ఆ దుమ్ము సూస్తే మీరు గంట నిలవడరు."

హెచ్.ఓ.డి. కళ్లు మెరిశాయి. "బాగుందండీ! ఇది పేపరవుతుంది." ఎద్దు పుండు కాకికి ముద్దు.

జనవరి 31

నవీన్ పొద్దుటి నుంచి కనపడలేదు. ఎక్కడరా అంటే, హెచ్.ఓ.డి. గారి బండికి పంక్చర్ వేయించుకొచ్చాడట. రిజిస్టర్‌లో రాశారు — 'పరిశోధనా సహాయం, రెండు గంటలు.' నా కళ్లతో చూశాను. థూ.

ఫిబ్రవరి 5

నిన్న ప్రశ్నల ఫారాలిచ్చాను. ఇవాళ పొద్దున్నే నలభై నింపి తెచ్చారు. ఒక్క రోజులో! మిర్యాలగూడ పోయి వచ్చేసరికే సగం రోజు పోతుంది.

తిరగేశాను. అందరికీ ఒకే నీలం ఇంకు. అందరి వయసూ ముప్పై ఐదు, నలభై, నలభై ఐదు. ఒక ఫారం మీద ఇడ్లీ చట్నీ. "ఏ మిల్లులో పెట్టారు రా చట్నీ?" అన్నాను. నవీన్ పళ్లికిలించాడు. బస్టాండు పక్క టిఫిన్ సెంటర్లో కూర్చుని ముగ్గురూ పంచుకుని రాశారట. "అందరు గట్లనే చేస్తరు మేడం. సీనియర్లు గూడ గట్లనే చేసిండ్రు."

క్లాసు ముందే, వాళ్ల చేతులతోనే నలభై చింపించాను. నలభై మంది ఆడవాళ్ల నోట్లో మీ మాటలు కుక్కారు, సిగ్గులేదా అని అరిచాను. శిరీష ఏడ్చింది. ఏడవనీ.

రూత్ మాత్రం చిన్నగా అంది — "అమ్మ పని చేసే కాడికి నేను ఫారాలు పట్కొని పోతే, అమ్మను పనిల నుంచి తీసేస్తరు మేడం."

"భయపడితే పరిశోధన కాదు" అన్నాను. ఎంత బాగా అన్నానో! బోర్డు మీద కూడా రాశాను.

ఫిబ్రవరి 10

పిల్లల్ని నేనే మిర్యాలగూడ తీసుకుపోయాను. హుజూర్‌నగర్ మీదుగా, బస్సులో నిలబడి. మిల్లు గేటు దగ్గరే గుమాస్తా అడ్డం. "ఎవలు పంపిండ్రు? కాలేజా, లేబర్ ఆఫీసా?" కాలేజీ అన్నాను. "కాలేజోళ్లకు ఈడ ఏం పని? పోండ్రి పోండ్రి." నా ఐడీ కార్డు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, వెధవ. గెస్ట్ అన్న మాట దగ్గర వేలు ఆగింది. అదేమిటో, ఎవడి వేలైనా అక్కడే ఆగుతుంది.

రూత్ ఉపాయం చెప్పింది. పని దిగాక ఆడవాళ్లంతా రోడ్డవతల బోరు దగ్గర మొహాలు కడుక్కుంటారు, ఆటో వచ్చేదాకా అక్కడే ఉంటారు. అక్కడ కూర్చున్నాం. జుట్టు నిండా తవుడు, కనురెప్పల మీద తవుడు. తొమ్మిది ఫారాలు. నిజం ఫారాలు.

తొమ్మిదోది రూత్ వాళ్ల అమ్మ మేరమ్మ. కూతురే అడిగింది.

"దగ్గొస్తదా?"

"రాదు." అంటూనే దగ్గింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని మళ్లీ దగ్గింది. "రాదని రాస్కో బిడ్డా. వస్తదంటే రేపు రావద్దంటరు."

రూత్ పెన్ను ఆపి నా వైపు తిరిగింది. ఏం రాయమంటరు మేడం? అమ్మ చెప్పింది రాస్తే అబద్ధం, వేరేది రాస్తే మళ్లీ చట్నీ ఫారమే.

స్కేలు తీసుకుని ఫారం మధ్యలో నిలువు గీత గీశాను. ఎడమ పక్క 'చెప్పింది', కుడి పక్క 'చూసింది'. ఆమె మాట ఆమెదే, మార్చే హక్కు మనకు లేదు. మన కళ్లు మనవే, మూసుకునే హక్కూ లేదు. రెండూ రాయి.

రూత్ రాసింది. బస్సులో వస్తూ మిగతా ఖాళీ ఫారాలన్నిటికీ తనే గీతలు గీసింది, బస్సు కుదుపులకు గీతలు వంకరపోయినా. పదకొండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఇవాళ నేర్పినట్టనిపించింది. సంతోషంగా ఉంది, రాయడానికి సిగ్గేస్తోంది కానీ.

ఫిబ్రవరి 16

ముప్పై ఎనిమిది. ఇన్నిసార్లు బోరు దగ్గర కూర్చుంటే వచ్చిన ఫారాలు. ఇక రావు. గుమాస్తా ఆడవాళ్లందరినీ నిలబెట్టి చెప్పాడట, కాగితాల వాళ్లతో మాట్లాడితే పని ఖతం అని. బోరు దగ్గర మమ్మల్ని చూసి మొహాలు తిప్పుకుంటున్నారు.

రేపు ఇంకోసారి ప్రయత్నిద్దామా అని రూత్‌ను అడిగాను. "రేపు శివరాత్రి అమావాస్య మేడం. మిల్లులన్నీ బంద్. అమావాస్యనాడు హమాలోళ్లు బస్త ముట్టరు, మిల్లు తిరగదు. గేటుకు తాళమే ఉంటది."

సరే. ముప్పై ఎనిమిది చాలు. ఒక్కొక్కటీ బంగారం.

ఫిబ్రవరి 19

బంగారం హెచ్.ఓ.డి.కి చూపించాను. ఆయన పేకముక్కల్లా పరపరా ఆడించాడు.

"ముప్పై ఎనిమిదితో పేపరేంటండీ? నవ్వుతారు. నూట యాభై చేసేయండి."

చేసేయండి! చుట్టాలొచ్చారని పప్పులో నీళ్లు పోసినట్టు. "ఈ గీతేంటి మధ్యలో? చూసింది ఏంటి? కంప్యూటర్లో ఎక్కదండీ ఇది. చెప్పింది ఒక్కటే ఎక్కించండి."

చెప్పింది ఒక్కటే ఎక్కిస్తే, మేరమ్మకు దగ్గు లేదు. ఎవరికీ ఏమీ లేదు.

"చూస్తాను సార్" అని వచ్చేశాను. చూస్తాను సార్. నా నాలుకకు అలవాటైన మాట అదొక్కటే.

ఫిబ్రవరి 24

టేబుల్ మీద కట్ట. నూట పన్నెండు ఫారాలు. సెకండియర్ పిల్లలకు అసైన్‌మెంటుగా ఇచ్చి నింపించారట. నవీన్ పంచాడట, మార్కులు వేస్తామన్నారట.

రూత్ ఒక్కొక్కటీ తిప్పింది. అన్నిటి మీదా ఒకే రాత — 'స్థలం: రైసు మిల్లు. సమయం: పని వేళ. తేదీ: ఫిబ్రవరి 17.'

"మేడం... పదిహేడు అమావాస్య."

నవ్వొచ్చింది నాకు, ఏడుపులాంటి నవ్వు. మూసిన మిల్లులో, ఆగిన మిషన్ల మధ్య, నూట పన్నెండు మంది పని చేస్తూ జవాబులిచ్చారు. దొంగతనం కూడా చేతకాదు వీళ్లకు.

వెళ్లి చెప్పాను. ఆయన తల కూడా ఎత్తలేదు. "ఎవరు చూస్తారండీ తిథులు? సెమినార్‌కొచ్చే ఎగ్జామినర్ మేడం పంచాంగం పట్టుకొస్తుందా?" అని, పేపరు చివరి పేజీ నా వైపు జరిపాడు. ముగింపు అప్పుడే రాసేసి ఉంది. 'మిల్లు మహిళల ఆరోగ్యం సంతృప్తికరం.'

నీ నోట్లో తవుడు పొయ్య.

ఫిబ్రవరి 26

హెచ్.ఓ.డి. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాడు. ఒకటి వచ్చే ఏడాదికి నన్ను ఉంచమని ఆయన రాసే సిఫారసు. ఆయన సంతకం చోటు ఖాళీ. రెండోది గైడు ధ్రువపత్రం — నూట యాభై ఫారాలు నా పర్యవేక్షణలో మిల్లుల వద్ద సేకరించినవి అని. నా సంతకం చోటు ఖాళీ.

పెన్ను క్యాపు తీసిచ్చాడు అంతే.

పెట్టాను.

ఫిబ్రవరి 27

ఇంట్లో మా ఆయనకు చెప్పాను. "మంచిగ చేసినవ్. ఒక్క సంతకానికి లోకం మునుగుతదా?"

మునగదు. మునగదనే నా కోపం.

చపాతీలు మాడ్చాను. తినమన్నాను.

మార్చి 2, సోమ

రూత్ చూసింది. రికార్డు బైండింగుకు తనే తీసుకెళ్లిందిగా, మొదటి పేజీలోనే నా సంతకం. వరండాలో నిలబెట్టి అడిగింది, గోడను కాదు, నన్ను.

"ఆనాడు మాయి సింపిచ్చిండ్రు గద మేడం."

బ్యాగు జిప్పు వేసుకున్నాను.

"భయపడితే పరిశోధన కాదన్నరు."

అప్పుడు అరిచాను. దాని మీదే అరిచాను! నీకేం తెలుసే, ఉద్యోగం పోతే ఎట్లుంటదో నీకేం తెలుసు, నువ్వు రేపు సర్టిఫికెట్ తీసుకుని పోతావు, నేను ఇక్కడే పడి ఉండాలి...

అంతా విని అంది. "మా అమ్మ గూడ గదే అంటది మేడం."

వెళ్లిపోయింది. స్టాఫ్ రూములో కూర్చుని ఆ పిల్లను తిట్టుకున్నాను. పొగరు అనుకున్నాను. ఒక పీరియడంతా అనుకున్నాను. పొగరు కాదు.

మార్చి 6, శుక్ర

సెమినార్. యూనివర్సిటీ నుంచి ఎగ్జామినర్ మేడం వచ్చింది, చిన్న మనిషి, పెద్ద కళ్లద్దాలు. మొదట హెచ్.ఓ.డి. మాట్లాడాడు, నా పరిశోధన, నా పరిశోధన అని. తర్వాత రూత్‌ను పిలిచారు. తెర మీద నూట యాభై అని ఇంత లావు అక్షరాలు.

"ఎంతమందిని కలిశారమ్మా?"

"ముప్పై ఎనిమిది మందిని, మేడం."

ఎగ్జామినర్ తెర వైపు చూసింది, రూత్ వైపు చూసింది. హెచ్.ఓ.డి. నవ్వుతూ లేచాడు. "పిల్ల కంగారు పడిందండీ. గైడు మేడం ఉన్నారుగా, చెప్తారు."

అందరి తలలూ నా వైపు. రూత్ తల కూడా. లేచాను. నోరు తెరిచాను.

"రికార్డు... చూసి చెప్తాను."

చూస్తాను సార్. చూసి చెప్తాను మేడం. పాడు నాలుక.

ఎగ్జామినర్ రాసుకుంది. "సోమవారం కల్లా మీ చేతిరాతతో పంపండి. ఏది నిజమైతే అది. అప్పటిదాకా ఈ అమ్మాయి మార్కులు ఆపుతున్నాను."

మార్చి 8, ఆది

హెచ్.ఓ.డి. ఫోన్ చేశాడు. మూడుసార్లు ఎత్తలేదు, నాలుగోసారి ఎత్తాను. గొంతులో చక్కెర. "ఒక్క లైను రాసేయండి సుజాత గారూ, నూట యాభై అని. పిల్లను నేనేం అననులెండి. లేదంటే మాత్రం ఆ ముప్పై ఎనిమిదీ దొంగ ఫారాలని నేను రాయాల్సొస్తుంది. గేటు లోపలికే రానివ్వలేదని గుమాస్తా చెప్తాడు కూడా. ఆ పిల్ల డిగ్రీ ఏమవుద్దో ఆలోచించుకోండి. మీ సంగతి సరే."

మీ సంగతి సరే!

బోరు దగ్గర కూర్చున్న ముప్పై ఎనిమిది మందిలో ఒక్కరు వచ్చి 'మమ్మల్నడిగారు' అని చెబితే చాలు. చెబితే వాళ్ల పని పోతుంది. మేరమ్మ వస్తుందా? రమ్మని అడిగే మొహం నాకుందా?

మార్చి 9, సోమ

బస్సులో రాస్తున్నాను. మునగాల దగ్గర లారీ అడ్డం తిరిగింది, ఆగాం. ధాబాల ముందు ధాన్యం లారీల వరస.

పొద్దున సంచిలోంచి ఫారాల కట్ట తీశాను. తొమ్మిదోది చదివాను. ఎడమ పక్క రూత్ రాత — 'దగ్గు రాదు.' కుడి పక్క — 'రాదు అంటూ నాలుగుసార్లు దగ్గింది. నీళ్లు తాగింది. మళ్లీ రాదు అంది. నన్ను చూడలేదు.'

నన్ను చూడలేదు. కన్నతల్లి గురించి రాసింది ఆ పిల్ల. నేను గీసిన గీతకు ఇవతల రాసింది.

ఒళ్లో ప్యాడు పెట్టుకుని ఎగ్జామినర్‌కు ఉత్తరం మొదలుపెట్టాను. ఆర్యా అని రాసి కొట్టేశాను. విన్నపం అని రాసి కొట్టేశాను. చివరికి స్కేలు తీసి నిలువు గీత గీశాను.

చెప్పింది: నూట యాభై. ఫిబ్రవరి 26న సంతకం పెట్టి చెప్పాను.

చూసింది: ముప్పై ఎనిమిది. బోరు దగ్గర, నేను పక్కనే కూర్చుని ఉండగా. మిగతావి అమావాస్యనాటివి. ఆ రోజు మిల్లులు తిరగవు, మిర్యాలగూడలో ఎవరినైనా అడగండి.

కింద సంతకం చోటు.

ఫోన్ మోగుతోంది. ఆయనే. పక్క సీటామె అంటోంది, "ఎత్తరాదమ్మా, ఎంతసేపాయె మోగబట్టి."

లారీ తీశారు. బస్సు కదిలింది. కుదుపులకు ప్యాడు ఊగుతోంది, సంతకం ఇంకా పెట్టలేదు. కోదాడ ఇరవై నిమిషాలు.