ఫోనులో కిడ్నీ డాక్టరు

రాయగడ, మంగళవారం

డయాలసిస్‌కి ముందు మా ముసల్దాన్ని తూస్తే మూడు కిలోలు పెరిగింది. "రోజూ రెండు సెంబులు సోడంబలి తాగించేను. ఒళ్లు సేసింది సూడమ్మీ," అని మిషను నడిపే అమ్మాయితో గొప్పగా చెప్పాను.

"అది ఒళ్లు కాదు తాతా, నీరు. ఏటి పని సేసేవు!" అంది.

ఇన్నేళ్లు మునిసిపాలిటీ నీళ్ల పంపు నడిపిన నాకే తట్టలేదు. ముందే చెప్పడానికి ఇక్కడ కిడ్నీ డాక్టరు లేడు. కోరాపుట్‌లోనూ లేడట. అమ్మాయి వీడియో కాల్ చేస్తే విశాఖపట్నం డాక్టరు ఫోనులో కనిపించాడు. అమ్మాయి పక్క మంచం దగ్గర సూది గుచ్చుతోంది, ఫోను నాకిచ్చింది.

"ఆమె కాలి మీద మీ చేతి బొటనవేలితో నొక్కి, ఎంత లోతు గుంట పడిందో చెప్పండి," అన్నాడు డాక్టరు.

"మెల్లగా నొక్కయ్యా, అది పైపు కాదు," అంది ముసల్ది.

నొక్కాను. గోరు మునిగేంత గుంట పడి, చాలాసేపు పూడలేదు. అదే చెప్పాను. ఆ మాట మీదే ఎంత నీరు తియ్యాలో అమ్మాయికి చెప్పాడు.

సాయంత్రానికి ముసల్దానికి పొద్దుటినుంచి ఉన్న ఆయాసం తగ్గింది. కానీ వాల్వులు తిప్పి మొద్దుబారిన వేలు నాది. అది తప్పు చెప్పి ఉంటే? రేపు లేవగానే నా కాలే నొక్కి చూసుకోవాలి. నీరు లేని కాలు ఎలా ఉంటుందో ముందు తెలియాలి కదా.