తుప్పు మీద వేసిన రంగు

నాన్నగారికి,

ఇక్కడ అందరం బాగున్నాం, బండి పాడైంది గానీ ఎవరికీ దెబ్బలేమీ తగల్లేదు. కాలువ గేటు డ్యూటీలో మీకు ఫోన్ సిగ్నల్ అందదని కార్డు రాస్తున్నాను.

నిన్న మెకానిక్ ఖాదర్ వలి మామ మన ట్రాలీ ఆటో కింది చట్రం, అదే ఛాసీని సుత్తితో తట్టి చూస్తే సుత్తి లోపలికి దిగిపోయింది. "ఏందమ్మాయ్, తుప్పు గీకకుండా పైన రంగేసిందెవరు? లోపల చానా తినేసింది. అతుకేస్తే మిర్చి టిక్కీ బస్తాలు మొయ్యుద్ది గానీ మనుషుల్ని ఎక్కించొద్దు" అన్నాడు. నిరుడు కోటప్పకొండ తిరనాళ్లకు బండి మెరవాలని తొందరపడి ఆ రంగు వేయించింది నేనే. తుప్పు మీద రంగేయించింది వాడే అనుకుని మీరు తమ్ముణ్ణి తిట్టినప్పుడు కూడా నోరు విప్పలేదు.

ఇవాళ మిరప కోతలకు కూలీలను తీసుకెళ్లడానికి బండి రాదన్నాను. రాఘవమ్మత్త "ఏమే, నీ సావాసంతో బండికీ సిగ్గొచ్చిందా, గడప దాటదూ?" అని నవ్వింది. పన్నెండు మంది ఆడవాళ్లు చేను దాకా నడిచే వెళ్లారు.

ఛాసీ మారిస్తే కొత్త నంబరు కాగితాల్లో ఎక్కించడానికి మీ సంతకం కావాలి. ఎప్పుడు వస్తారు? మోకాలికి రాసుకునే నూనె ఉందా, పంపించనా? మీరు అతుకే చాలంటే అలాగే వేయిస్తాను, కానీ ఆ ఆడవాళ్లను మాత్రం అందులో ఎక్కనివ్వను.

అమ్మ మిమ్మల్ని అడిగినట్టు రాయమంది. తమ్ముణ్ణి అన్న మాటలు నన్ను అనాల్సినవి.

మీ సుచరిత