బెరిల్‌కి నూనె రాయకు

నోలీన్,

లారీలోకి పశువుల్ని ఎక్కించేశారు, బయలుదేరుతున్నా. ముందు ఇది విను. నీ టీ ట్రీ నూనె సీసా నేను పట్టుకుపోతున్నా, వెతక్కు. మూత తీసి, గుడ్డ పక్కన పెట్టుకోవడం చూశాలే. దోమ కుట్టినా, నా కాలివేళ్ళ మధ్య ఒరిసినా నీకు అదే మందు. మన పెంపుడు కొండచిలువకి మాత్రం అది విషం. ఒంట్లోకి ఇంకితే బెరిల్ చచ్చిపోద్ది.

పొద్దున "డెస్, బెరిల్‌కి కళ్ళు పోయాయి!" అని నువ్వు పెట్టిన కేకకి టౌన్స్‌విల్ రేవులో ఓడలు వెనక్కి తిరిగాయంట. కళ్ళు పోలేదే. అవి పాలరంగుకి తిరిగి, ఒళ్ళు మసకబారిందంటే కుబుసం విడవబోతోందని. పెట్టెలో తడిగుడ్డ ఒకటి పెట్టి వదిలెయ్.

కడుపు కింద పొలుసులు ఎర్రబడినా, నీటిబొబ్బలు లేచినా, గిన్నెలో నీళ్ళమీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల పురుగులు తేలినా, అదీ జబ్బంటే. వెంటనే పశువుల డాక్టరమ్మకి ఫోన్ చెయ్.

కుబుసం విడిచాక దాని తల దగ్గర చూడు. రెండు కళ్ళ మీది పొరలూ కుబుసంతోపాటే ఊడి రావాలి. ఒకటి కంటికే అంటుకుని ఉంటే గోరుతో గీకకు, డాక్టరమ్మే తీస్తది.

ఈ నాలుగు రోజులూ అది ముడుచుకుని మూల కూర్చుంటది, పలకరిస్తే బుస కొడతది. నేను ఊరెళ్ళేటప్పుడు నువ్వూ అంతేగా, నీకేమన్నా నూనె రాశానా?

నీ డెస్

ఇంకోటి, కుబుసం చింపకు, పారెయ్యకు. అది పాముకంటే పొడుగు సాగుద్ది. బెరిల్ నాలుగు మీటర్లంటే పబ్బులో ఒక్కడూ నమ్మలేదు. అందరికంటే గట్టిగా నవ్వింది నువ్వే.