మేనల్లుడి సూది

మేనల్లుడు మదియార్‌కు,

కరాసు నుంచి మామ తోక్సెయిత్ రాయునది. ఇక్కడ గుర్రాలు, గొర్రెలు క్షేమం. నేను క్షేమంగా లేను. కారణం నువ్వు.

మీ అమ్మతో వచ్చావు. గుర్రపుమాంసం తిన్నావు. సంతోషం. వెళ్తూ వెళ్తూ అరలో ఉన్న రికార్డు తీసి చంకలో పెట్టుకుని, చుట్టాలందరి ముందు "మామయ్యా, ఇది నా మూడోది" అన్నావు. మేనల్లుడు మూడుసార్లు ఏది అడిగినా మామ కాదనకూడదు. తాతలు పెట్టిన ఆచారం. వాళ్లకు మేనల్లుళ్లు లేరేమో. చిన్నప్పుడు గుర్రప్పిల్లను అడిగావు, ఇచ్చాను. నీ పెళ్లికి మా నాన్న జీను అడిగావు, ఇచ్చాను. దానిమీద ఒక్కసారైనా కూర్చున్నావా? తీసుకెళ్లి గోడకు తగిలించావు. ఇప్పుడు రికార్డు.

అది మీ అత్త బాల్జాన్ పాడినది. ఆమె పోయాక ఆమె గొంతు మిగిలింది అందులోనే.

వ్యాను నడిపే సెర్గజి చెప్పాడు, నీ యంత్రానికి మేకులాంటి సూది ఉందట. తిరుగుతున్న రికార్డును చేత్తో పట్టుకుని ముందుకూ వెనక్కూ తోస్తావట. నిజమేనా? గాడిదనైనా ఎవరూ అలా తోయరు. తగిన సూది చూసి పెట్టు. లేదా రికార్డు సెర్గజి చేతికివ్వు.

ఫోన్ చేయకు. ఫోన్‌లో నాకు మాటలు రావు. కోపం అసలే రాదు.

ఇట్లు,
మామ

తా.క. మేనల్లుణ్ణి కొట్టిన చెయ్యి వణుకుతుందంటారు. నిన్న మనసులో నిన్ను రెండు పీకాను. పొద్దున టీ ఒలికింది.

•

మామయ్యకు అల్మాటీ నుంచి మదియార్ సలాములు.

మీ రికార్డును నేను తోయలేదు. ఆ పని వేరే రికార్డులతో చేస్తాను. దీన్నుంచి నాకు చిటికెడు కావాలి, అంతే. పాత రికార్డులోంచి ఒక ముక్క కంప్యూటర్లోకి తీసుకుని, దాన్నే మళ్లీ మళ్లీ తిప్పుతూ దానిమీద కొత్త పాట కడతాను. నా పనే అది. మీ రికార్డులో నాకు కావాల్సింది రెండే రెండు సెకన్లు.

సూది సంగతి మాత్రం నిజమే. సూదినీ, దాన్ని పట్టుకునే చిన్న డబ్బానీ కలిపి కార్ట్రిడ్జ్ అంటాం. నా దగ్గరున్నది గుండుమొనది. బరువుగా కూర్చుంటుంది, ఎంత తోసినా గాడి దాటదు, కానీ వినికిడి మోటు. సన్నమొనది ఇంకొకటుంది. గాడిలో ఏముంటే అది పైకి తెస్తుంది, కానీ మహా సుకుమారం, ధర కూడా నా అందుబాటులో లేదు. దీనికి ఏది పెట్టాలో నాకే తేలడం లేదు. గుండుమొనతో వింటే అత్తయ్య పాట ఉన్నచోట ఎండుగడ్డి తొక్కుతున్నట్టు సరసరమంటోంది. మీ యంత్రం ఆ పాటను తినేసింది మామయ్యా.

నా రెండు సెకన్లు బాగానే ఉన్నాయి. పాట మొదట్లో డోంబ్రా వాయించేవాడెవడో తీగ మీద రెండు దెబ్బలు కొడతాడు, మూడోది మరిచిపోతాడు, తర్వాత ఉలిక్కిపడి అందుకుంటాడు. అంత అందమైన తప్పు ఈ ఊళ్లో ఎంత డబ్బిచ్చినా ఎవడూ వాయించలేడు. నాకు ఆ మూర్ఖుడొక్కడు చాలు.

మీ
మదియార్

తా.క. ఆయన ఇంకా బతికే ఉన్నాడా? ఉంటే ఆరోజు ఏం తాగి వాయించాడో కనుక్కోండి.

•

మదియార్‌కు,

గుర్రాలు క్షేమం.

రెండు సెకన్ల కోసం రికార్డు మొత్తం పట్టుకుపోయావా? విందులో గొర్రె తలకాయ పెద్దవాళ్ల ముందు పెడతారు. పిల్లలకు చెవి కోసి ఇస్తారు. నీకు కావాల్సింది చెవి. నువ్వు తలకాయతో లేచిపోయావు. పైగా బాల్జాన్ పాట నీకు అక్కర్లేదు, ఎవడో డోంబ్రావాడు కావాలి.

ఆ డోంబ్రావాడు మూర్ఖుడు కాదు. తాగలేదు. ఆరోజు రికార్డు చేసిన క్లబ్బులో పొయ్యి వెలగలేదు, చలికి వేళ్లు కొయ్యబారిపోయాయి. అయినా అక్కడ ఆగేది డోంబ్రా కాదు, రికార్డు మీద గీత పడింది. ఊరందరికీ తెలుసు.

నా యంత్రం దేన్నీ తినలేదు. బాల్జాన్ ఉండగా కొన్న సూదే ఇప్పటికీ ఉంది. ఒక్కసారి కూడా మార్చలేదు, అంత గట్టిది. నీ గుండూ సన్నమూ నాకు తెలియవు. నా సూదినే ఊడదీసి పంపుతున్నాను. ఇదే పెట్టు.

ఇట్లు,
మామ

తా.క. గొర్రెబొచ్చులో చుట్టి ఇచ్చాను. సెర్గజికి అది నా పన్ను అని చెప్పాను. సూది అంటే నవ్వుతాడు.

•

మామయ్యకు సలాములు.

మీ పన్ను అందింది. భూతద్దం కింద పెట్టి చూశాను. కోప్పడకండి. మొన ఎప్పుడో అరిగిపోయి ఉలి అయింది. ఇన్నేళ్లూ మీరు పాట వినలేదు, చెక్కారు. ఏ పాట ఎక్కువ విన్నారో అదే ఎక్కువ అరిగింది.

దాంతో ఏ కార్ట్రిడ్జ్ అన్నది తేలిపోయింది. ఇక్కడ పాత యంత్రాలు అమ్మే అబ్దీర్ అని ఒకాయన ఉన్నాడు. గుండుమొన అరిగిన చోటే నడుస్తుందట, సన్నమొన దానికంటే కిందికి, మీ ఉలి తగలని చోటికి దిగుతుందట. ఆయన కొట్లో అలాంటిది ఉంది. నా చేతిలో అంత డబ్బు లేదు. మా ఇంటికొచ్చి గోడ చూసి, జీను ఇస్తే సూది ఇస్తానన్నాడు. ఇచ్చాను. గోడకు ఊరికే తగిలించానని మీరే అన్నారు కదా.

మంచి మనిషి. జలాయిర్ తెగవాడు. మీ అమ్మ, అంటే మా అమ్మమ్మ కూడా జలాయిర్ల ఆడపడుచేనంటే ఎంతో సంతోషించి, మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నాడు.

మీ
మదియార్

తా.క. పన్ను తిరిగి పంపనా?

•

మదియార్‌కు,

గుర్రాల సంగతి నీకు అనవసరం.

జీను ఇచ్చి సూది తెచ్చావు. ఒంటెను ఇచ్చి దాని మెడలో గంట కొన్నవాడు ఒకడుండేవాడని మా నాన్న చెప్పేవాడు. వాణ్ణి కన్నది మా చెల్లెలేనని ఇప్పుడు తెలిసింది.

ఆ జీను మీద మా నాన్న మా అమ్మను తెచ్చుకున్నాడు. బాల్జాన్‌ను నేను తెచ్చుకున్నాను. దాన్ని నువ్వు కొట్లో వేలాడదీశావు. పైగా రికార్డు పాడుచేసింది నేనట. ఇక రాకు. రాయకు.

తోక్సెయిత్

(మామ అని రాయలేదు. గమనించు.)

తా.క. చెయ్యి నిలవక కవరు మీద నీ పేరు సెర్గజితో రాయించాను. ఈసారి మనసులో పీకింది రెండు కాదు.

•

మామయ్యకు,

రాయవద్దన్నారు. విన్నది చెప్పి ఊరుకుంటాను.

సన్నమొన పెట్టాను. ఆ సరసర పూర్తిగా పోలేదు, పక్కకు జరిగింది. దాని వెనక అత్తయ్య ఉంది. ప్రతి మాటా తెలుస్తోంది, ఊపిరి తీసుకోవడం కూడా. అమ్మ వింటూ తలగుడ్డ కళ్లకు అడ్డం పెట్టుకుంది.

తర్వాత నా రెండు సెకన్ల దగ్గరికి వచ్చాను. రెండు దెబ్బలు పడ్డాయి. ఆగింది. అక్కడ గీత లేదు మామయ్యా. ఆ ఖాళీలో, చాలా మెల్లగా, అత్తయ్య గొంతు ఉంది.

"తోక్సెయిత్, నన్ను చూసింది చాలు. వాయించు."

మూర్ఖుడన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ రెండు సెకన్లు మీరు సరేనంటేనే వాడతాను.

మదియార్

తా.క. పొయ్యి వెలగలేదన్నారు. వెనక ఎవరో "కిటికీ తీయండయ్యా, ఉడికిపోతున్నాం" అంటున్నారు. అదీ వినిపిస్తోంది.

•

మేనల్లుడు మదియార్‌కు,

కరాసు నుంచి మామ తోక్సెయిత్ రాయునది. గుర్రాలు క్షేమం. ఎర్రది ఈనింది.

కోపం పోలేదు. నిన్న అల్మాటీ వచ్చాను. నీ ఇంటికి రాలేదు. కోపం ఉన్న ఇంట్లో టీ తాగకూడదు.

అబ్దీర్ కొట్టుకు వెళ్లాను. గుమ్మం బయటే చాలాసేపు నిలబడ్డాను. చివరికి ఆయనే లోపలికి పిలిచాడు. నాకు అడగడం చేతకాదు, నీకు తెలుసు. మా అమ్మ పుట్టింటివాళ్లను చిన్నప్పుడు కూడా ఏదీ అడగలేదు. అంటే నా మూడూ అలాగే ఉన్నాయి. చిన్నపిల్లలే అడగాలని తాతలు అనలేదు. అబ్దీర్ జలాయిర్, మా అమ్మ తెగవాడు. నాకంటే చిన్నవాడే అయినా వరసకు మేనమామ. కొట్లో కొనేవాళ్లు ఉన్నారు. నీలాగే అందరి ముందూ అన్నాను. "మామయ్యా, ఆ జీను నా మొదటిది."

నన్ను పైనుంచి కిందికి చూశాడు. నా గడ్డం చూశాడు. జీను దింపాడు.

నోరు ఒకసారి తెరిస్తే మూయడం కష్టంగా ఉంది. "కిటికీ పక్కనున్న యంత్రం, సన్నమొన సూదితో సహా, రెండోది" అన్నాను.

రికార్డు సెర్గజితో పంపు. అది నీదే, ఇచ్చింది వెనక్కి తీసుకోను. నా దగ్గర ఉంటుంది, అంతే. నీ చెవి ముక్క కోసుకున్నాకే పంపు. రెండు దెబ్బలు, ఖాళీ, తర్వాతిది, అన్నీ తీసుకో. ఖాళీలో ఉన్న మాట మాత్రం తీసెయ్. అది నాకు చెప్పింది.

జీను గుర్రం మీద ఉంది. వచ్చి ఎక్కు.

ఇట్లు,
మామ

తా.క. పొయ్యి సంగతి ఎవరితోనూ అనకు.

ఇంకొకటి. మూడోది ఇంకా మిగిలే ఉందని అబ్దీర్‌కు గుర్తుచేశాను. వచ్చేముందు టీ పోసి ఇచ్చాడు. ఆయన చెయ్యి వణికింది. మనసులో నన్ను ఎన్ని పీకాడో.