ఏడో తలకు అర్థం

రొక్కావెర్న కోట,
1499 మే 12.

పూజ్యురాలైన బార్తొలొమియా అక్కకు, చెల్లెలు తద్దెయా నమస్కరించి రాయడం ఏమనగా, ఇక్కడ అందరం కులాసా. నువ్వు పంపిన జున్ను అందింది. మీ మరిదిగారు నాకు వాసన మాత్రం మిగిల్చారు.

ఆయన పెద్ద హాలు పైకప్పుకు బొమ్మ వేయించారని రాశాను కదా. హెర్క్యులెస్ ఏడుతలల పామును నరుకుతుంటాడు. హెర్క్యులెస్‌కు ఈయన ముఖం, ఈయనకు లేని కండలు. పాముకు ఈయన శత్రువుల ముఖాలు. ఆరు తెగిపడ్డాయి. ఏడోది పక్క సీమ ప్రభువు గలెయొట్టోది. చచ్చిన ముఖంలో పోలిక తెలియదని దాన్ని మాత్రం బతకనిచ్చి, పైన కత్తి ఎత్తించారు.

ఇంతలో ఫ్రెంచి సేనలు కొండలు దిగుతున్నాయని కబురు. గలెయొట్టో సైన్యం తోడు రాకపోతే మా ఊరు వారం నిలవదు. ఒప్పందం మీద ముద్ర వేయడానికి ఆయనే స్వయంగా వస్తున్నాడని తెలియగానే మీ మరిదిగారు చిత్రకారుడు నెల్లోను పట్టుకుని, "నీకు పుణ్యముంటుంది, ఆ తల చెరిపెయ్యవయ్యా!" అని బతిమాలారు.

"తడి సున్నంలో వేసిన రంగు ప్రభూ, పైకప్పులో కలిసిపోయింది. మీద పూత పూస్తే ఆయన వచ్చేలోపు ఆరదు. చెక్కామంటే పామంతా మన నెత్తిన పడుతుంది," అన్నాడతను.

పోనీ వేరే గదిలో కూర్చోబెడదామంటే, మిగతా గదులన్నీ కురుస్తున్నాయి.

నిన్న భోజనాల దగ్గర గలెయొట్టో వైను గ్లాసు ఎత్తాడు. దాంతోపాటు తలా ఎత్తాడు. ఇక దించలేదు. "ఆ చట్టిముక్కు నాది కాదూ?" అన్నాడు. మీ మరిదిగారికి నెమలి మాంసం గొంతుకు అడ్డం పడింది. అతని మనుషుల చేతులు కత్తుల మీదికి పోయాయి. నా నోరు ఊరుకోలేదు.

"మీదే ప్రభూ," అన్నాను. "చూడండి, మిగతా తలలన్నీ తెగాయి. హెర్క్యులెస్ వల్ల కూడా కానిది మీ తల ఒక్కటే. అది మరిచిపోకూడదనే మా వారు రోజూ దాని కిందే భోంచేస్తారు."

అతను మెడ ఇంకాస్త వెనక్కి వంచి చూశాడు. "గడ్డం కాస్త లావు చేశాడు మీ చిత్రకారుడు," అని గొణిగి, ముద్ర వేశాడు.

ఆ అర్థం తనకు ముందే తట్టిందని మీ మరిదిగారు ఇప్పుడు ఊరంతా చెబుతున్నారు.

బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
నీ తద్దెయా

తా.క. ఇది మీ మరిదిగారికి తెలియదు. గుర్రం ఎక్కబోతూ గలెయొట్టో నన్ను పక్కకు పిలిచాడు. "అమ్మా, ఆ బొమ్మ సంగతి నాకు ఎప్పుడో తెలుసు. ఫ్రెంచివాళ్లు ముందు మా ఊరి మీదే పడతారు, అందుకే మింగి ఊరుకున్నాను. ఒప్పందం ప్రకారం వచ్చే నెల మీ ఆయన మా కోటకు వస్తాడు కదా. మా గోడ మీద ఆయన గాడిదై మా గుర్రాల లద్దె మోస్తున్నాడు. దానికేం అర్థం చెప్పమంటావు?" అన్నాడు. నిన్నటి నుంచి బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను. నీకేమైనా తడితే వెంటనే రాయి.